పువ్వు లేనప్పుడు కూడా ఆర్కిడ్‌ను గుర్తుపట్టడం ఎలా? కడప, కర్నూలు, అనంతపురం కొండల్లో తిరిగేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

గువ్వలచెరువు ఘాట్ మీద కోవా కోసం బండి ఆపని వాళ్లు తక్కువ. ఒకసారి అలా ఆగినప్పుడే, రోడ్డుకు కాస్త ఎడంగా ఉన్న చింతచెట్టు కొమ్మ మీద ఒక మొక్క నా కంటపడింది. తోలు బెల్టు ముక్కల్లాంటి ఆకులు రెండు వరుసల్లో ఉన్నాయి. కింద సున్నం పూసిన తాళ్లలా లావుపాటి వేళ్లు వేలాడుతున్నాయి. మేకలు తోలుకొస్తున్న పెద్దాయన "అది బదనిక సామీ, చెట్టును తినేస్తాది" అన్నాడు. నేనూ అప్పటిదాకా అదే అనుకునేవాణ్ణి. రోహిణి కార్తెలో మళ్లీ ఆ దారిన వెళ్తే అదే మొక్కకు ఏడు పూలు. పసుపు మీద గోధుమరంగు గళ్లు, మధ్యలో ఊదా నీలం పెదవి, దగ్గరికి వెళ్తే మంచి వాసన. అది వాండా టెసెల్లాటా అనే ఆర్కిడ్ అని, చెట్టును అస్సలు తినదని ఆ తర్వాత తెలిసింది.

అప్పటినుంచి పన్నెండేళ్లుగా పాలకొండలు, లంకమల, శేషాచలం, నల్లమల తిరుగుతూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఆర్కిడ్లంటే వర్షారణ్యాల మొక్కలు, కరువు సీమలో వాటికేం పని అని చాలామంది అడుగుతారు. వర్షారణ్యంలో కూడా కొమ్మ మీద బతుకు కరువు బతుకే. కొమ్మకు మట్టి లేదు. వాన ఆగిన గంటకే బెరడు ఆరిపోతుంది. దొరికిన నీళ్లు దాచుకోవడానికే ఆర్కిడ్‌కు ఆ లావు వేళ్లు, దళసరి ఆకులు, దుంపలు వచ్చాయి. ఆ మూడింటినీ చదవడం నేర్చుకుంటే పువ్వు లేకపోయినా మొక్క ఏ గుంపుదో చాలాసార్లు చెప్పేయొచ్చు. వర్షారణ్యంలో ఆర్కిడ్లు చాలావరకు వంద అడుగుల ఎత్తున కొమ్మల్లో ఉంటాయి. మన అడవుల్లో చెట్లు పొట్టి కాబట్టి కంటి ఎత్తులోనే దొరుకుతాయి. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి ఉండదు.

మొదటి అడుగు: చోటు, కాలం

ప్రపంచంలో దాదాపు 28,000 ఆర్కిడ్ జాతులున్నాయి. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో 1,256. వీటిలో ఎక్కువ భాగం ఈశాన్య రాష్ట్రాల్లో, హిమాలయాల్లో, పడమటి కనుమల్లో ఉంటాయి. మన వాటా చిన్నదే. అందుకే నేర్చుకోవడం సులువు.

సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరుండే అనంతపురం వైపు ఎక్కడపడితే అక్కడ వెతికితే కాళ్ల నొప్పులే మిగులుతాయి. తేమ ఎక్కడ నిలుస్తుందో అక్కడికి వెళ్లాలి. పాత అనంతపురం జిల్లాలో కదిరి, పెనుకొండ, మడకశిర వైపు కొండల ఉత్తరపు వాలులు, నీడ పడే బండ సందులు చూడండి. కడప వైపు శేషాచలం, పాలకొండల కోనలు. పాత కర్నూలు జిల్లాలో నల్లమల, అంటే అహోబిలం, శ్రీశైలం దారుల వెంట ఉన్న లోయలు. కోన అనే మాటే మీకు దారి చూపిస్తుంది. రెండు కొండల మధ్య ఎండ తక్కువగా పడే, గుండంలో వేసవి దాకా నీళ్లు నిలిచే చోటు అది. అక్కడ మద్ది, నేరేడు, మామిడి, ఇప్ప లాంటి గరుకు బెరడు చెట్లుంటే మెడ పైకెత్తి నడవండి. బెరడు పొరలు పొరలుగా రాలిపోయే చెట్ల మీద ఆర్కిడ్ నిలబడటం కష్టం.

కాలం విషయంలో నాకు క్యాలెండర్ కంటే కార్తెలే బాగా పనికొచ్చాయి. చెట్ల మీది రకాలు చాలావరకు ఎండలు ముదిరిన దగ్గర్నుంచి తొలకరి దాకా పూస్తాయి. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో వానలు పడ్డాక నేలలో నిద్రపోతున్న దుంపలు మొలకెత్తుతాయి. మఖ, పుబ్బ, ఉత్తర కార్తెలు, అంటే ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా, నేల ఆర్కిడ్లకు పండగ. సంవత్సరానికి రెండే రోజులు కేటాయించగలిగితే ఒకటి మే చివర్లో, ఇంకొకటి సెప్టెంబరు మొదట్లో పెట్టుకోండి.

రెండో అడుగు: అది అసలు ఆర్కిడేనా?

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. మన ఊళ్లలో చెట్టు మీద మొలిచే ప్రతిదాన్నీ బదనిక అనేస్తారు. అసలు బదనిక వేరు. అది పరాన్నజీవి. మామిడి కొమ్మలోకి వేరు దించి రసం పీలుస్తుంది. అది అతుక్కున్న చోట కొమ్మ ముడి కట్టి ఉబ్బి ఉంటుంది. దానికి చెట్టులాగే కొమ్మలు, రెమ్మలు వస్తాయి. పూలు ఎర్రగా, నారింజరంగులో సన్న గొట్టాల్లా ఉంటాయి. ఆర్కిడ్‌కు చెట్టు కుర్చీ లాంటిది మాత్రమే. వేళ్లు బెరడు పైపైన పాకుతాయే గానీ లోపలికి దిగవు. కొమ్మ ఎక్కడా ఉబ్బదు. ఈ తేడా తెలియక తోటల్లో మంచి వాండా మొక్కలను కొడవలితో గీకేయడం చూశాను. రైతులెవరైనా మీకు తెలిస్తే ఈ ఒక్క సంగతి చెప్పండి.

వేరు దగ్గర చేసే చిన్న పరీక్ష నాకు అన్నిటికంటే ఇష్టం. సీసాలోంచి నాలుగు చుక్కల నీళ్లు ఆ తెల్లటి వేరు మీద పోసి చూస్తూ ఉండండి. వేరు మీది పొర చచ్చిన కణాలతో తయారైన స్పాంజి లాంటిది. వెలమెన్ అంటారు దాన్ని. ఎండినప్పుడు అందులో గాలి నిండి వెండిలా తెల్లగా ఉంటుంది. నీరు పీల్చగానే పారదర్శకంగా మారి లోపలి పచ్చదనం బయటపడుతుంది. మీరు చూస్తుండగానే సున్నపు తాడు పచ్చటి తాడు అవుతుంది. ఆ పచ్చదనం ఉత్త రంగు కాదు, వేరు కూడా ఆకులాగే ఎండలో ఆహారం తయారుచేసుకుంటుంది.

నేల మీది మొక్కల్లో గందరగోళం ఇంకా ఎక్కువ. నేలతాడి ఆకులు పొడవునా మడతలు పడి అచ్చం నేల ఆర్కిడ్ ఆకుల్లానే ఉంటాయి. దాని శాస్త్రీయ నామంలోనే ఆర్కిడ్‌లా ఉండేది అనే అర్థం వచ్చే మాట ఉంది. పువ్వు చూస్తే తేలిపోతుంది. నేలతాడి పువ్వు ఆరు సమానమైన రేకులతో పసుపు నక్షత్రంలా నేలకు ఆనుకుని ఉంటుంది. అడవి పసుపు ఆకు కొసను కాస్త నలిపితే ఘాటు వాసన వస్తుంది, ఆర్కిడ్ ఆకుకు ఆ వాసన రాదు. నాభి పువ్వు ఎంత అందంగా ఉన్నా ఆకు కొస తీగలా చుట్టుకుంటుంది, అదీ ఆర్కిడ్ కాదు. బండల మీద ఆకు వెనక గోధుమరంగు చుక్కలున్న మొక్క కనిపిస్తే అది ఫెర్న్. ఆర్కిడ్ చెట్టు అని నర్సరీల్లో అమ్మే దేవకాంచనం చిక్కుడు కుటుంబానిది.

మూడో అడుగు: పెరిగే తీరు

ఆర్కిడ్ అని నమ్మకం కుదిరాక, అది ఎటు పెరుగుతోందో చూడండి. ఆర్కిడ్లలో రెండు దారులున్నాయి. కొన్ని కొబ్బరిచెట్టులా ఒకే కాండంతో కొసన పెరుగుతూ పోతాయి. ఆకులు అటొకటి ఇటొకటి రెండు వరుసల్లో వస్తాయి, పూల కాడ ఆకు మూలలోంచి పక్కకు వస్తుంది. వాండా, అకాంపే, లూయిసియా ఈ దారివి. ఇంకొన్ని అల్లంలా పక్కకు పాకుతాయి. ప్రతి ఏడూ కొత్త పిలక, దాని కింద కొత్త దుంప. పాత దుంపలు ముడతలు పడి పక్కన వరుసగా ఉంటాయి. డెండ్రోబియం, బల్బోఫిల్లం, యూలోఫియా ఇలా పెరుగుతాయి. రెండో రకంలో దుంపలు లెక్కపెడితే ఆ మొక్క ఎన్నేళ్లుగా అక్కడుందో కూడా అంచనా వేయొచ్చు.

ఈ ఒక్క ప్రశ్నతో మీ ముందున్న అవకాశాలు సగానికి తగ్గిపోతాయి. నోట్సులో మొదటి మాట ఇదే రాయండి.

నాలుగో అడుగు: ఆకు కొస, ఆకు మడత

చెట్టు మీది రకాల్లో ఆకు కొసను వేలిముద్రలా చూడాలి. ఎలుక కొరికినట్టు ఎగుడుదిగుడుగా తెగి ఉండే కొసలు వీటిలో మామూలే. పురుగు తిన్నదని కొత్తవాళ్లు పొరబడతారు. పుట్టుకతోనే అంతే. అన్ని ఆకులకూ ఒకేలా ఉందేమో చూస్తే సందేహం తీరిపోతుంది.

వాండా ఆకును అడ్డంగా కోసినట్టు ఊహించుకోండి, ఇంగ్లిష్ వి అక్షరంలా మధ్యలో లోతైన గాడి ఉంటుంది. ఆకు విల్లులా వెనక్కి వంగుతుంది. కొసన రెండు మూడు కోసుగా ఉన్న పళ్లుంటాయి. అకాంపే ప్రేమోర్సా ఆకు ఇంకా దళసరి, బిరుసు. చెప్పు అట్టను పట్టుకున్నట్టు ఉంటుంది. గాడి అంత లోతుగా ఉండదు. కొస రెండు గుండ్రటి భాగాలుగా చీలి, ఒకటి పెద్ద ఒకటి చిన్నగా ఉంటుంది. ఈ రెండూ ఒకే చెట్టు మీద పక్కపక్కన ఉండగా చూస్తే ఇక జన్మలో మర్చిపోరు.

ఆకు పెన్సిల్‌లా గుండ్రంగా ఉంటే లూయిసియా అనుకుని మొదలుపెట్టండి. నీరు ఆవిరి కాకుండా ఆకు తనను తాను చుట్టేసుకున్నట్టు ఉంటుంది అది. ఆకులు జడ అల్లినట్టు ఒకదానిలో ఒకటి ఇమిడి విసనకర్రలా బల్లపరుపుగా ఉంటే ఓబెరోనియా. దాని పూలు ఆవగింజంత ఉంటాయి, లెన్స్ లేకుండా ఏమీ తెలియదు. ఎండాకాలంలో ఆకులన్నీ రాల్చేసి చెరకు ముక్కల్లాంటి కణుపుల కాడలు వేలాడుతుంటే డెండ్రోబియం కావచ్చు. చచ్చిపోయిందనుకుని వదిలేయకండి, నాలుగు వానలు పడితే చిగురిస్తుంది.

చాలా చెట్టు ఆర్కిడ్లు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటాయి. ఎండలో నీళ్లు పోగొట్టుకోకుండా ఇదో ఉపాయం. అంత దళసరి ఆకు ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. రాత్రి పీల్చుకున్నది పగటికి దాచుకోవాలి కదా.

ఐదో అడుగు: పువ్వును చదవడం

పువ్వు దొరికినప్పుడు తొందరపడి ఫోటో కొట్టి వెళ్లిపోకండి. పది నిమిషాలు కూర్చోండి.

బయట మూడు రేకులు, లోపల మూడు రేకులు. లోపలి మూడింటిలో ఒకటి మిగతావాటిలా ఉండదు. అది వెడల్పుగానో, చీలినట్టుగానో, సంచిలానో, వేరే రంగులోనో ఉంటుంది. దాన్ని పెదవి అంటారు. పురుగు వాలడానికి వేసిన అరుగు అది. జాతులను విడదీసే గుర్తులు ఎక్కువగా ఈ పెదవి మీదే ఉంటాయి. దానికెన్ని చీలికలున్నాయి, అంచు నున్నగా ఉందా రంపంలా ఉందా, మీద గట్లు, చుక్కలు, వెంట్రుకలు ఏమైనా ఉన్నాయా అని ఒక్కొక్కటిగా రాసుకోండి.

పెదవి వెనకకు చూడండి. కొన్నింటిలో అది తోకలా సాగి ఉంటుంది, అడుగున తేనె ఉంటుంది. తోక పొడవు, వంపు, కొస సన్నమా లావా అన్నవి చాలా ముఖ్యం. పువ్వును ముందునుంచి మాత్రమే ఫోటో తీసేవాళ్లు ఈ గుర్తును పోగొట్టుకుంటారు. నేనూ మొదటి రెండేళ్లు తీసిన హాబెనేరియా ఫోటోల్లో తోక కనిపించక, వాటికి ఇప్పటికీ పేరు పెట్టలేకపోయాను.

మధ్యలో చిన్న స్తంభం ఉంటుంది. మామూలు పూలలో కేసరాలు, కీలం విడివిడిగా తెలుస్తాయి, ఆర్కిడ్‌లో అవి ఒక్కటై ఈ స్తంభంగా మారతాయి. ఆర్కిడ్‌కు ఇది ముఖ్యమైన గుర్తు. దాని కొసన టోపీ లాంటి మూత, మూత కింద పుప్పొడి. పుప్పొడి కూడా పొడిలా రాలదు, ముద్దలుగా ఉంటుంది. వాండా పువ్వు నేల మీద రాలి ఉంటే దాన్ని తీసుకుని, అగ్గిపుల్ల కొసతో స్తంభం కింది వైపు నుంచి పైకి మెల్లగా ఒరిపిడి పెట్టండి. మూత ఊడిపోయి, జిగురు బిళ్లకు అంటుకున్న కాడ మీద రెండు పసుపు ముద్దలు పుల్లకు అతుక్కుని వస్తాయి. తేనెటీగ తల మీదికి కూడా అచ్చం ఇలాగే అతుక్కుంటాయి. మొక్క మీదున్న పువ్వుతో మాత్రం ఈ పని చేయొద్దు. దాని పుప్పొడి ఇంకో పువ్వుకు చేరే అవకాశం అంతటితో పోతుంది.

ఇంకో గుర్తు పువ్వు వెనక ఉంది. కాడలా కనిపించేది నిజానికి అండాశయం, అది రేకులకు కింద ఉంటుంది. లెన్స్ పెట్టి చూస్తే దాని మీది గీతలు పురి తిరిగి ఉంటాయి. మొగ్గలో పైకి ఉండాల్సిన పెదవి, పువ్వు విచ్చేలోగా ఆ కాడ సగం చుట్టు తిరగడం వల్ల కిందికి వస్తుంది. ఎక్కువ ఆర్కిడ్లు ఇలా తిరుగుతాయి. తిరగనివీ ఉన్నాయి, పెదవి పైకి ఉంటే అది కూడా రాసుకోవాల్సిన గుర్తే.

ఆరో అడుగు: ముందు ఈ ఏడింటితో మొదలుపెట్టండి

వాండా టెసెల్లాటా. గళ్ల రేకులు, ఊదా నీలం పెదవి, రేకుల వెనక వైపు తెలుపు. పువ్వు రెండు అంగుళాలకు కాస్త తక్కువ. కాయ గట్లతో బెండకాయను గుర్తు చేస్తుంది, పగిలితే పొగలాంటి విత్తనాలు. రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ వైద్యుడు సామర్లకోటలో ఉద్యోగం చేస్తూ మన తెలుగు నేల మొక్కలకు బొమ్మలు వేయించాడు. 1795లో ఆయన లోకానికి పరిచయం చేసిన మొక్కల్లో ఇదీ, అకాంపే ప్రేమోర్సా కూడా ఉన్నాయి. వాండా వేళ్లను నొప్పుల మందుకని పీకేస్తుంటారు, అందుకే ఊళ్లకు దగ్గర్లో తగ్గిపోయింది.

అకాంపే ప్రేమోర్సా. పువ్వు సెంటీమీటరంత. పసుపు మీద ఎర్ర గోధుమ అడ్డచారలు, పెదవి తెలుపు. పొట్టి కాడకు గుత్తిగా కూర్చుంటాయి. రేకు ముట్టుకుంటే కొబ్బరిముక్కలా కండగా ఉంటుంది.

వాండా టెస్టేసియా. వాండా టెసెల్లాటాకు చెల్లెల్లా ఉంటుంది, అన్నీ చిన్నవి. పువ్వు పసుపు, పెదవి నీలి ఛాయ. రేకుల మీద గళ్లు ఉండవు.

జియోడోరం డెన్సిఫ్లోరం. నేల ఆర్కిడ్లలో నాకు దీనిమీదే మక్కువ. తొలకరి తర్వాత మడతల ఆకుల పక్కనుంచి ఒక కాడ లేస్తుంది. లేచి, మేకల కాపరి చేతికర్ర వంకీలా కిందికి వంగిపోతుంది. లేత గులాబీ కలిసిన తెల్లపూలు గుత్తిగా నేలకేసి చూస్తుంటాయి. వాటిని చూడాలంటే మోకాళ్ల మీద వంగక తప్పదు. ఆ తర్వాత నెలకు వెళ్తే ఆశ్చర్యం! కాయలు కట్టిన కాడ వంకీ విప్పుకుని నిటారుగా నిలబడి ఉంటుంది. విత్తనాలకు గాలి తగలాలి కదా మరి. పూల కాలంలో చూసినవాళ్లు కాయల కాలంలో చూస్తే ఇది వేరే మొక్క అనుకుంటారు. అందుకే ఒకే మొక్క దగ్గరికి రెండుసార్లు వెళ్లమంటాను.

యూలోఫియా ఎపిడెండ్రియా. గట్టి నేలలో, రాళ్ల మధ్య, ముళ్లపొదల నీడలో ఉంటుంది. దుంపలు నేల పైకి కనిపిస్తాయి. కాడ మూడడుగుల దాకా లేస్తుంది. పూలు ఆకుపచ్చగా, పెదవి తెల్లగా ఊదా గీతలతో ఉంటాయి. ఆకుపచ్చ పువ్వు కాబట్టి పక్కనుంచే నడిచివెళ్లిపోతాం.

హాబెనేరియా గుంపు. వానాకాలపు తెల్లపూలు. ప్లాంటాజీనియా, రాక్స్‌బర్గై రెండింటికీ ఆకులు నేల దగ్గరే చుట్టూ పరుచుకుంటాయి. రాక్స్‌బర్గై ఆకులు దళసరిగా, గుండ్రంగా, విస్తరిలో వేసిన అప్పడాల్లా నేలకు అతుక్కుని ఉంటాయి, పూలు దట్టంగా వస్తాయి. ప్లాంటాజీనియాలో పెదవి పక్క చీలికలు విసనకర్రల్లా విచ్చుకుని అంచులు పళ్లుగా ఉంటాయి. రెండింటికీ పొడవైన తోక. తెల్లరంగు, పొడవు తోక, పొద్దుగూకాక పెరిగే వాసన కలిసి కనిపిస్తే అది రాత్రి తిరిగే రెక్కల పురుగుల కోసం పూసే పువ్వని అనుకోవచ్చు.

జూక్సైన్ స్ట్రాటియుమాటికా. దీనికోసం అడవికే వెళ్లక్కర్లేదు. చలికాలంలో కాలవ గట్లు, చెరువు కింద తడి గడ్డి వెతకండి. కె.సి. కెనాల్ (కర్నూలు-కడప కాలవ) వెంట పొలాలున్నవాళ్లు డిసెంబరు, జనవరిలో ఒకసారి వంగి చూడండి. జానెడు ఎత్తు, గోధుమ ఛాయ ఉన్న గడ్డిలాంటి ఆకులు, కొసన తెల్లటి చిన్న పూలు, పెదవి పసుపు. ఆర్కిడ్ అంటే ఎవరూ నమ్మరు, లెన్స్‌లో చూపించాలి.

వీటితో పాటు నీడ నేలల్లో ఒకే ఒక్క ఆకు, గుండె ఆకారంలో మడతలతో కనిపిస్తే నెర్వీలియా అని రాసుకోండి. అది తొలివానలకే పువ్వు పూసి, పువ్వు వాడాకే ఆకు వేస్తుంది. పువ్వునూ ఆకునూ ఒకేసారి చూడటం దాదాపు కుదరదు. చోటు గుర్తుపెట్టుకుని వచ్చే ఏడు తొలకరికి వెళ్లాల్సిందే.

ఏడో అడుగు: ఫోటో, నోట్సు

ఫోన్ చాలు. పదింతలు చూపించే చిన్న లెన్స్, ఆరంగుళాల స్కేలు, పెన్సిలు, చిన్న పుస్తకం, నల్ల గొడుగు ఇవే నా సామాను. నల్ల గొడుగు ఎందుకంటే తెల్లపూల వెనక దాన్ని విప్పి పెడితే ఫోన్ కెమెరా పువ్వు మీదే ఫోకస్ చేస్తుంది, తోక కూడా స్పష్టంగా వస్తుంది. వానొస్తే పైన, గడ్డి కదపాలంటే చేతికర్ర.

ప్రతి మొక్కకూ ఈ వరుసలో తీయండి: చుట్టూ చోటు కనిపించేలా ఒకటి, మొత్తం మొక్క, వేళ్లు లేదా దుంప, ఆకు కొస దగ్గరగా, ఆకు అడుగు, పూల కాడ మొత్తం, ఒక పువ్వు ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి, కాయ ఉంటే కాయ. ఒకదాంట్లో అయినా స్కేలు పెట్టండి. నాణేలు పెడితే తర్వాత ఏ నాణెమో గుర్తుండదు.

ఫోటోలో రానివి నోట్సులోకి వెళ్లాలి. వాసన ఉందా, ఎప్పుడు ఎక్కువ, ఏ చెట్టు మీద, నేల నుంచి ఎంత ఎత్తున, ఎండ పడే వైపా నీడ వైపా, ఏ పురుగు వాలింది. ఆ చెట్టు పేరు తెలియకపోతే కాపరులను అడగండి. చెంచులు, యానాదులు, మేకల కాపరులు ఇచ్చే సమాచారం ఏ యాప్‌లోనూ ఉండదు. "ఈ ఆకు మొక్క ఇంకెక్కడైనా చూసినారా అన్నా?" అని ఫోటో చూపించి అడిగితే చాలు, నాలుగు చోట్లు చెప్తారు.

ఎనిమిదో అడుగు: పేరు పెట్టడం

ముందు గుంపు పేరు, తర్వాతే జాతి పేరు. హాబెనేరియా అని చెప్పగలిగితే అదే పెద్ద మెట్టు. అక్కడ ఆగిపోవడంలో తప్పేమీ లేదు. గూగుల్ లెన్స్ చాలాసార్లు నర్సరీల్లో అమ్మే సంకర రకాల పేర్లు చూపిస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు. ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ అనే వెబ్‌సైట్లలో ఫోటోలు పెడితే తెలిసినవాళ్లు చూసి చెప్తారు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఐనాచురలిస్ట్‌లో కచ్చితమైన చోటు దాచే సదుపాయం ఉంది, ఆర్కిడ్ పెట్టిన ప్రతిసారీ అది వాడండి. మొక్కలు పీక్కెళ్లి అమ్మేవాళ్లు కూడా అవే పేజీలు చూస్తారు.

సందేహం తీరకపోతే అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం బోటనీ విభాగాలున్నాయి. శ్రీకృష్ణదేవరాయలో హెర్బేరియం ఉంది. ఎండబెట్టిన నమూనా పక్కన మీ ఫోటో పెట్టి చూస్తే చాలా సంగతులు తేలతాయి. వెళ్లేటప్పుడు ఫోటోలూ నోట్సూ తీసుకెళ్లండి, మొక్క కాదు.

మొక్కను ఎందుకు పీకకూడదు?

కొత్తలో నేనొక తప్పు చేశాను. ఒక హాబెనేరియా దుంప ఎలా ఉంటుందో చూడాలని పుల్లతో తవ్వాను. గోలీకాయంత దుంపలు రెండు, ఒకటి వడలినది, ఒకటి నిండుగా ఉన్నది. వడలినది ఈ ఏడాదిది, నిండుది వచ్చే ఏడాదికి దాచుకున్నది. మళ్లీ జాగ్రత్తగా పూడ్చి, నీళ్లు పోసి వచ్చాను. మరుసటి ఏడు వెళ్తే అక్కడ ఏమీ లేదు. ఆ తర్వాతి ఏడు కూడా లేదు.

ఆర్కిడ్ విత్తనంలో తిండి నిల్వ ఉండదు. ఒక కాయలో వేలకు వేలు, కొన్నిట్లో లక్షల విత్తనాలు ఉన్నా, సరైన బూజు దారం వచ్చి తిండి అందిస్తేనే మొలుస్తాయి. ఆ బూజు ఆ మట్టిలో, ఆ బెరడులో ఉంటుంది, మీ ఇంటి కుండీలో కాదు. అడవి నుంచి తెచ్చిన మొక్క దాచుకున్న నీళ్లతో ఏడాది, రెండేళ్లు పచ్చగా కనిపించి మనల్ని మభ్యపెడుతుంది. చాలాసార్లు ఆ తర్వాత పోతుంది. పెంచుకోవాలనుంటే నర్సరీలో ల్యాబ్ మొక్కలు కొనుక్కోండి.

చట్టం కూడా ఉంది. అభయారణ్యాల్లో అనుమతి లేకుండా మొక్క పీకడం నేరం. దేశాల మధ్య ఆర్కిడ్ల వ్యాపారం మీద సైట్స్ (CITES) అనే అంతర్జాతీయ ఒప్పందం ఆంక్షలున్నాయి. పైగా శేషాచలం, పాలకొండలు ఎర్రచందనం అడవులు. అనుమతి లేకుండా లోపల తిరుగుతూ కనబడితే మీరు పూల కోసం వచ్చారని ఎవరూ నమ్మరు. అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో ముందుగా అనుమతి తీసుకుని, బీట్ సిబ్బందిలో ఒకరిని వెంట పెట్టుకుని వెళ్తే టెన్షన్ ఉండదు. నల్లమలలో పులుల అభయారణ్యం ఉంది, వానాకాలంలో కొన్ని దారులు మూసేస్తారు. కనుక్కుని బయల్దేరండి.

చేయి పెట్టే ముందు కళ్లు పెట్టండి. జియోడోరం ఉండే ఆకుల గుట్టల్లోనే రక్తపింజర కూడా ఉంటుంది. కర్రతో కదిపి, ఆగి, అప్పుడు వంగండి. కొండ తేనెపట్టు కింద నిలబడి ఫోటోలు వద్దు. పైన మబ్బు పడితే వంక దాటి ఇవతలికి వచ్చేయండి, ఇక్కడ చినుకు లేకపోయినా కొండ మీద పడిన వాన పావుగంటలో దిగుతుంది.

వర్షారణ్యానికి వెళ్లినప్పుడు

ఇక్కడ రెండు ఏళ్లు తిరిగాక కర్ణాటకలోని అగుంబె వైపో, కేరళలోని సైలెంట్ వ్యాలీకో వెళ్తే ఇదే పద్ధతి పనిచేస్తుంది. పెరిగే తీరు, ఆకు, దుంప, వేరు, తర్వాత పువ్వు, అంతే. మొక్కలే ఎక్కువవుతాయి. పాచి పట్టిన ఒక్క కొమ్మ మీద నాలుగైదు రకాలుంటాయి, చాలావరకు మీకు అందని ఎత్తులో. బైనాక్యులర్ పట్టుకెళ్లండి. దానికంటే మంచి ఉపాయం, గాలివాన మర్నాడు పొద్దున్నే నడవడం. విరిగి పడిన కొమ్మలతో పాటు వంద అడుగుల పైనున్న ఆర్కిడ్లు మీ కాళ్ల దగ్గరికి వస్తాయి. కూర్చుని తీరిగ్గా లెన్స్ పెట్టి చూడొచ్చు, ఫోటోలు తీసుకోవచ్చు. చూడటం అయ్యాక, వెంట వచ్చిన గార్డును అడిగి, ఆ కొమ్మ ముక్కను పక్క చెట్టు పంగలో కదలకుండా ఇరికించండి. నేల మీద ఉంటే నీడకు కుళ్లిపోతుంది. పంగలో ఉంటే ఆ తెల్లవేళ్లు కొద్ది నెలల్లో కొత్త బెరడును పట్టుకుంటాయి.